కోనసీమ తుఫాను నేపథ్యంలో సామాజిక కార్యకర్తల వృత్తి పర్యవేక్షణ: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: వృత్తిలో కొత్తగా అడుగుపెట్టిన సామాజిక కార్యకర్తకు అనుభవజ్ఞుల పర్యవేక్షణ ఎందుకు అవసరమో, భారతదేశంలో అది పట్టాతోనే ఎందుకు ఆగిపోతున్నదో 1996 నాటి కోనసీమ తుఫాను నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కోనసీమ, తుఫాను, సామాజిక కార్యకర్త, పర్యవేక్షణ, నమోదు.

1. ప్రవేశిక

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమ తీరాన్ని తాకిన తుఫాను వెయ్యిమందికి పైగా ప్రజలను బలిగొన్నది. కూలిన కొబ్బరితోటల స్థానంలో కొన్నేళ్ళకు కొత్త తోటలు పెరిగాయి. కాని, సముద్రం మీదికి వెళ్ళిన మత్స్యకారులలో అనేకుల మృతదేహాలు దొరకలేదు. భైరవపాలెం వంటి తీరగ్రామాలకు ఆ నష్టం వేరొక స్వభావం కలది. దేహం లేనప్పుడు కర్మకాండ ఎప్పుడు జరపాలి? భార్య బొట్టు ఉంచుకోవాలా, తీయాలా? అప్పట్లో అమలులో ఉన్న 1872 నాటి సాక్ష్యచట్టంలోని 108వ సెక్షను ప్రకారం ఏడేళ్ళు జాడ తెలియని వ్యక్తి బతికే ఉన్నాడనేవారే ఆ సంగతి రుజువు చేయవలసి ఉండేది. అంతవరకు సాధారణ న్యాయసూత్రం మరణాన్ని ఊహించదు.

ఇటువంటి ఇంటికి వెళ్ళే కార్యకర్త కాగితాల గురించి ఎప్పుడు మాట్లాడాలి, దుఃఖం గురించి ఎప్పుడు వినాలి అన్నది పాఠ్యగ్రంథం చెప్పలేదు. “ఇక రాడు” అని తొందరపడి చెప్పినా, “వస్తాడేమో” అని ఊరడించినా కీడు జరగవచ్చు. ఈ నిర్ణయాన్ని కొత్తవాడు ఒంటరిగా మోయకుండా చూడటమే వృత్తి పర్యవేక్షణ ప్రయోజనం.

2. పర్యవేక్షణ భావన పుట్టుక

1869లో లండనులో ఏర్పడిన ధర్మసంస్థల సమన్వయ సంఘం, దాని బాటలో అమెరికాలో వెలసిన సంఘాలు పేదల ఇళ్ళకు స్వచ్ఛంద సందర్శకులను పంపేవి. వారికి దారి చూపే బాధ్యత అనుభవం గల ఉద్యోగులపై పడింది. 1917లో మేరీ రిచ్‌మండ్ ‘సోషల్ డయాగ్నోసిస్’ గ్రంథం వెలువడిన తరువాత, వ్యక్తి చరిత్రను రాసి, దానిని పెద్దలతో చర్చించే పద్ధతికి శాస్త్రీయమైన పునాది బలపడింది.

భారతదేశంలో 1936లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ సారథ్యాన బొంబాయిలో ఆరంభమైన సర్ దొరాబ్జీ టాటా విద్యాలయం ఈ వృత్తివిద్యకు తొలి కేంద్రం. తరువాతి సామాజిక కార్య విభాగాలలోనూ క్షేత్రకార్యం తప్పనిసరి పాఠ్యాంశమైంది. విద్యార్థి నివేదిక రాస్తాడు. అధ్యాపకుడు చదివి ప్రశ్నిస్తాడు. పట్టా చేతికి రాగానే ఆ ప్రశ్నలు ఆగిపోతాయి. కాలిఫోర్నియాలో క్లినికల్ లైసెన్సు కోరే అభ్యర్థి స్నాతకోత్తర పట్టా పొందాక 3,000 గంటల పర్యవేక్షిత అనుభవం చూపాలి. అక్కడ పట్టా తరువాత మొదలయ్యే దశకు ఇక్కడ సమానమైనది లేదు.

3. చట్టాల దృష్టి

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్య సామాజిక కార్యకర్తను నిర్వచిస్తూ, సామాజిక కార్యంలో స్నాతకోత్తర పట్టాతోపాటు పర్యవేక్షిత క్లినికల్ శిక్షణ గల రెండేళ్ళ ఎం.ఫిల్.ను అర్హతగా పేర్కొన్నది. చట్టం పర్యవేక్షణను గుర్తించింది. కాని కోర్సులో భాగంగానే. 2022లో ఎం.ఫిల్. పట్టాను విశ్వవిద్యాలయ నిధుల సంఘం రద్దుచేసినా, ఈ కోర్సుకు 2025-26 విద్యాసంవత్సరం వరకు మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. 2021 నాటి అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం క్లినికల్, వైద్య, మానసిక వైద్య సామాజిక కార్యకర్తలను తన జాబితాలో చేర్చి, రాష్ట్ర స్థాయి నమోదుకు మార్గం ఏర్పరచింది. అయితే అది కొలిచేది చదువు గంటలను. ఉద్యోగంలో చేరాక పెద్దల వద్ద గడిపిన గంటలను కాదు.

4. కోనసీమకు అన్వయం

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కూడా 1996లోనే ఆరంభమైంది. నిమ్హాన్స్ బళ్ళారిలో చేసిన ప్రయోగం దానికి నమూనా. తొలి జిల్లాలలో మెదక్ ఒకటి. ఆనాటి కోనసీమకు అటువంటి ఏర్పాటు లేదు. ఎదుర్లంక–యానాం వంతెన ఇంకా లేని ఆ కాలంలో కాకినాడ పెద్దాసుపత్రికి నేరుగా వెళ్ళాలంటే పంటు మీద గౌతమిని దాటాలి. 2022లో అమలాపురం జిల్లాకేంద్రమైంది. పాలన దగ్గరైనంత మాత్రాన పర్యవేక్షణ సమకూరదు.

ఇక్కడ ఒక మాట చిక్కు కూడా ఉన్నది. తెలుగు కార్యాలయభాషలో ‘పర్యవేక్షణ’ అంటే తనిఖీ: రిజిస్టరు, హాజరు, లక్ష్యాల లెక్క. పై అధికారికి తన తడబాటును చెప్పుకొనే ఉద్యోగి అరుదు. వృత్తి పర్యవేక్షణలో ఆ తడబాటే చర్చనీయాంశం. ఈ రెండు బాధ్యతలూ ఒకే వ్యక్తి చేతిలో ఉంటే మొదటిది రెండవదానిని మింగివేస్తుంది.

5. ముగింపు

• భారతదేశంలో సామాజిక కార్యకర్తల పర్యవేక్షణ విద్యతో పుట్టి, విద్యతోనే ముగుస్తున్నది.
• 2021 చట్టం వల్ల నమోదు ప్రధానమవుతున్న ఈ దశలో, పట్టా తరువాతి పర్యవేక్షిత కాలాన్ని నియమాలలో చేర్చే అవకాశం ఉన్నది.
• తనిఖీ అధికారి వేరు, వృత్తి పర్యవేక్షకుడు వేరు కావాలి. రాజోలు, కొత్తపేట వంటి చోట్ల పనిచేసేవారికి నెలలో కొన్ని గంటలు ఫోను ద్వారానైనా అనుభవజ్ఞుని తోడు లభించాలి.

తుఫాను హెచ్చరికల వ్యవస్థ 1996 తరువాత ఎంతో మెరుగుపడింది. తిరిగిరాని మనిషి కోసం ఎదురుచూసే ఇంటికి వెళ్ళే కార్యకర్తకు అండ మాత్రం ఇంకా ఏర్పడవలసే ఉన్నది.