సాలగ్రామం ఏరిన చేతులు

ఇంగ్లండు దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ ఒక చిన్న ఊరు. అక్కడ సముద్రపుటొడ్డున దీపస్తంభాలు కూడా చుట్టలుచుట్టుకున్న అమ్మోనైట్ శిలాజం ఆకారంలో ఉంటాయి. మన పూజగదుల్లో సాలగ్రామం అంటున్నదీ అమ్మోనైట్ శిలాజాన్నే, గండకీ నదిలో దొరికేదాన్ని. దాన్ని ఆడవాళ్ళు తాకకూడదని చాలా ఇళ్ళలో ఇప్పటికీ ఆంక్ష. లైమ్‌లో వాటిని ఏరి, శుభ్రం చేసి, అమ్మి ఇల్లు గడుపుకున్నది ఒక పేద స్త్రీ.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నేను వెళ్ళింది కాబ్ అనే పాత రాతికట్టని చూడటానికి. జేన్ ఆస్టిన్ 'పర్స్యుయేషన్'లో లూయిసా జారిపడేది అక్కడే. 'అమ్మమ్మ పళ్ళు' అని పిలుచుకునే ఎగుడుదిగుడు మెట్లను చూపించి, ఇవే ఆ మెట్లంటారు. ఆస్టిన్ 1804లో ఈ ఊరొచ్చినప్పుడు, విరిగిన మూతకి ఆనింగ్ అనే వడ్రంగి కట్టిన ఐదు షిల్లింగుల ధర మరీ ఎక్కువని అక్కకి ఉత్తరం రాసింది. ఆ వడ్రంగి కూతురు మేరీకి అప్పటికి ఐదేళ్ళు.

1810లో తండ్రి అప్పులు మిగిల్చి పోయాడు. 1811లో అన్న జోసెఫ్‌కి ఇక్తియోసార్ పుర్రె కనబడింది. మిగతా అస్థిపంజరాన్ని మరుసటేడు మేరీ కనిపెట్టింది. 1823లో పూర్తి ప్లీసియోసార్‌ని బయటికి తీసింది. చలికాలపు తుఫాన్లకి కొండచరియలు విరిగితేనే కొత్త శిలాజాలు బయటపడతాయి, అలలు లాక్కుపోయేలోగా వాటిని పట్టుకోవాలి. అంటే ఆ పని చెయ్యాల్సింది విరిగిపడే కొండ కిందే. 1833లో ఆమె కుక్క ట్రే ఆమె కళ్ళముందే మట్టిపెళ్ళల కింద పడి చనిపోయింది.

1824లో లండన్ జియలాజికల్ సొసైటీలో ప్లీసియోసార్ మీద కోనీబేర్ పత్రం చదివాడు. కనిపెట్టిన మనిషి పేరు అందులో లేదు. కోనీబేర్ అదే ఏడాది రాసిన పత్రమొకటి మేరీ బొమ్మలతో సహా చేత్తో ఎత్తి రాసుకున్న ప్రతి మిగిలింది. ఆ బొమ్మలు అసలువాటికి ఏమాత్రం తీసిపోవట. ఆమె 1847లో పోయింది. సొసైటీ స్త్రీలని సభ్యులుగా చేర్చుకున్నది 1919లో. ఊళ్ళో ఆమె విగ్రహం లేచింది 2022లో, అదీ ఒక బడిపిల్ల, ఆమె తల్లి మొదలుపెట్టిన ప్రచారంతో. కల్పిత పాత్ర జారిపడ్డ మెట్లకి మాత్రం ఎప్పట్నించో యాత్రికులున్నారు.

అయితే మేరీని ఒంటరి మేధావిగా చెప్పే కథ నాకు నచ్చదు. మొదట్లో శిలాజాల బేరసారాలు నడిపింది తల్లి. మ్యూజియం ఆమె పుట్టిన ఇంటి స్థలంలోనే కట్టారు గానీ, దాని పాత పేరు ఫిల్పాట్ మ్యూజియం. శిలాజాలు సేకరించిన ఫిల్పాట్ అక్కచెల్లెళ్ళది మేరీకంటే కలిగిన కుటుంబం. వాళ్ళలో ఎలిజబెత్ ఆమెకి స్నేహితురాలు, వయసులో దాదాపు ఇరవై ఏళ్ళు పెద్ద. ఒకసారి బెలెమ్నైట్ శిలాజంలో గట్టిపడిన సిరాసంచి మేరీకి దొరికింది. ఎలిజబెత్ ఆ పొడిని నీళ్ళతో కలిపి, కోట్ల ఏళ్ళనాటి ఆ సిరాతోనే ఇక్తియోసార్ బొమ్మ వేసింది. తర్వాత ఊళ్ళో చిత్రకారులు కూడా ఆ సిరా వాడటం మొదలుపెట్టారు.