విద్య వాళ్ళది, చెట్టు మనది

సికింద్రాబాద్‌లో ఉన్న మన పిల్లలు ఈమధ్య జపాన్ మేపుల్ మొక్క కొని కుండీలో బోన్సాయ్ చేస్తామంటున్నారు. డబ్బు పెట్టే ముందు దాని చరిత్ర కాస్త వినండి.

కుండీలో చెట్టును పొట్టిగా పెంచే విద్య చైనాది. అక్కడ 706 నాటి ఒక రాకుమారుడి సమాధి గోడ మీద, చిన్న మొక్కలున్న పళ్ళెం మోసుకెళ్ళే పనివాళ్ళ బొమ్మ ఉంది. జపాన్ వాళ్ళు ఆ విద్య నేర్చుకుని తమ కొండల్లో పెరిగే మేపుల్, పైన్ చెట్ల మీద పెట్టారు. 1923లో భూకంపం టోక్యోను కూల్చింది. అక్కడి బోన్సాయ్ తోటమాలులు మంచి మట్టి, నీళ్ళు చూసుకుని 1925లో ఒమియాకు తరలిపోయారు. చెట్టుకు ఏది సరిపడుతుందో అదే చూసుకున్నారు.

వాళ్ళ మేపుల్‌లో ‘అరకావా’ అనే రకం ఉంది. ఆ మాటకు గరుకు బెరడు అనే అర్థం. మన మామిడి లాగా అంటు కట్టి పెంచుతారు. చలికాలంలో ఆకు రాల్చి, వారాల తరబడి గట్టి చలిలో నిద్రపోతేనే అది మళ్ళీ బాగా చిగురిస్తుంది. సికింద్రాబాద్‌లో అంత చలి ఎక్కడిది? ఎండాకాలం 40 డిగ్రీలు దాటితే ఆకు అంచులు మాడిపోతాయి.

గరుకు బెరడే కావాలంటే మన చింత లేదా? చిన్న ఆకు, ఎండకు తట్టుకునే ఒళ్ళు. వేరు కత్తిరించి, కొమ్మ వంచి, ఓపిగ్గా నీళ్ళు పోయండి. విద్య జపాన్ నుంచి తెచ్చుకుందాం, చెట్టు మాత్రం మన చెలక గట్టు నుంచే.