మూకీలో ఎగిరిన పీటర్ పాన్

రచయిత జె.ఎం. బారీ 1904లో లండన్ రంగస్థలం మీద ఎగరేసిన, ఎన్నటికీ ఎదగని కుర్రాడు పీటర్ పాన్, 1911లో నవలలోకీ వచ్చాడు. 1924లో హాలీవుడ్‌కు చెందిన పారమౌంట్ సంస్థ హెర్బర్ట్ బ్రెనన్ దర్శకత్వంలో అతణ్ణి తెరకెక్కించింది.

పీటర్‌గా ఎవరు? అదే పెద్ద ప్రశ్న. నాటకంలో ఆ వేషం ఆడవాళ్లే కట్టడం ఆనవాయితీ. స్క్రీన్ టెస్టులు చూసిన బారీ, పేరున్న తారలను కాదని పదిహేడేళ్ల బెట్టీ బ్రాన్సన్‌ను ఎంచుకున్నాడు. అప్పటికి ఆమె చిన్నాచితకా వేషాల్లోనే కనిపించింది. తెర మీద ఆ చలాకీతనం చూస్తే ఆయన చూపు ఎంత నిశితమో తెలుస్తుంది.

బారీ ఈ సినిమా కోసం స్వయంగా దృశ్యరచన కూడా చేసి ఇచ్చాడు. స్టూడియో దాన్ని పక్కనపెట్టి పాత నాటకాన్నే పట్టుకుంది. ఎంత మంచి అవకాశం చేజారిందో! అయినా జేమ్స్ వాంగ్ హోవ్ కెమెరా పనితనం ముచ్చటగొలుపుతుంది. కుక్క నానాగా జార్జ్ అలీ వేషం కట్టాడు. చిట్టి దేవకన్య టింకర్ బెల్ బతకాలంటే చప్పట్లు కొట్టమని పీటర్ నేరుగా ప్రేక్షకులనే వేడుకుంటాడు, అదీ మాటల్లేని సినిమాలో.

కథ ఇంగ్లండ్‌దే అయినా, సముద్రపు దొంగల ఓడ మీద చివరికి ఎగిరింది మాత్రం అమెరికా జెండా!

తర్వాత చాలా ఏళ్లు ఈ చిత్రం పోయిందనే అనుకున్నారు. జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ మ్యూజియానికి చెందిన జేమ్స్ కార్డ్ రాచెస్టర్‌లో ఒక ప్రింటును వెలికితీశాడు. 2000లో దీన్ని అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేర్చారు.