పొగకూ చర్మానికీ ఉన్న సంబంధం: సోరియాసిస్ చరిత్ర

సూరత్ నగరంలో రింగ్ రోడ్ పొడవునా బట్టల మార్కెట్లు వరుసగా కనిపిస్తాయి. ఆ నగరపు మరమగ్గాల మీద తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన పద్మశాలీలు అనేకులు పనిచేస్తున్నారు. అలాంటి ఒక కార్మికుని మోచేతిపై ఎర్రని మచ్చ, దానిమీద వెండిలా మెరిసే పొలుసులు కనిపించాయనుకుందాం. పక్కవారు కుష్ఠువ్యాధేమోనని దూరంగా జరుగుతారు. అతడు చొక్కా చేతులు దించి మచ్చను దాచుకుంటాడు. దిగులు మరిచిపోవడానికి మరో బీడీ ముట్టిస్తాడు. ఇక్కడ రెండు పొరపాట్లున్నాయి. రెండింటికీ చరిత్ర ఉంది.

మొదటిది, అంటువ్యాధి అనే భయం. ప్రాచీన గ్రీకులు పొలుసులు లేచే అనేక చర్మవ్యాధులను 'లెప్రా' అనే ఒకే మాటతో పిలిచారు. 1808లో ఇంగ్లండు వైద్యుడు రాబర్ట్ విల్లన్ సోరియాసిస్ లక్షణాలను చక్కగా వర్ణించినా, 'లెప్రా' అనే పేరును వదలలేదు. 1841లో వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ హెబ్రా ఇది కుష్ఠువు కాదని వేరుచేశాడు. 1873లో నార్వేలో హాన్సెన్ కుష్ఠువ్యాధి క్రిమిని కనుగొన్నాడు. సోరియాసిస్‌కు అలాంటి క్రిమి ఏదీ లేదు. అది తాకితే అంటదు. శరీర రక్షణ వ్యవస్థ దారితప్పడం వల్ల, సుమారు నెలరోజులకు మారవలసిన పైచర్మపు కణాలు కొద్ది రోజులకే పైకి వచ్చి పొలుసులుగా పేరుకుంటాయి.

రెండవది, పొగతో ఊరట కలుగుతుందన్న నమ్మకం. 1950లో డాల్, హిల్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని చూపారు. 1990లలో సోరియాసిస్ రోగుల్లో పొగతాగేవారు ఎక్కువగా ఉన్నట్లు ఐరోపా పరిశోధకులు గమనించారు. అయితే పొగవల్ల వ్యాధి వచ్చిందా, వ్యాధి తెచ్చిన దిగులువల్ల పొగ అలవాటయిందా? ఈ చిక్కు విడాలంటే వ్యాధి లేనివారిని ముందుగా ఎంచుకొని, ఏళ్ల తరబడి గమనించాలి. అమెరికాలో 78 వేలకు పైగా నర్సులను 1991 నుంచి 2005 వరకు అలాగే పరిశీలించారు. ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఎన్నడూ తాగనివారితో పోలిస్తే తాగుతున్నవారికి సోరియాసిస్ ముప్పు సుమారు 1.8 రెట్లు, మానినవారికి సుమారు 1.4 రెట్లు ఉంది. మాని 20 ఏళ్లు గడిచినవారిలో ముప్పు దాదాపు ఎన్నడూ తాగనివారి స్థాయికి దిగివచ్చింది.

పొగతాగే ప్రతివారికీ ఈ వ్యాధి రాదు, తాగనివారికీ రావచ్చు. వంశపారంపర్యం కూడా ఒక కారణం. కనుక రోగిని నిందించడం తగదు. ఆ పరిశోధన సిగరెట్టు మీద జరిగినా, బీడీలోనూ ఉన్నది పొగాకే అని మరువరాదు.

2014లో ప్రపంచ ఆరోగ్య సభ సోరియాసిస్‌పై తీర్మానం చేస్తూ, అది అంటువ్యాధి కాదని స్పష్టం చేసింది. హెబ్రా చెప్పి అప్పటికి 173 సంవత్సరాలు గడిచాయి. ఆ మాట మగ్గం దగ్గరి కార్మికునికి చేరితే అతడు మచ్చను దాచుకోడు, వైద్యునికి చూపుతాడు. చేతిలోని బీడీని పారవేయడానికి అతనికి మరో కారణమూ దొరుకుతుంది.