చిత్రఫైలు తొలి బైట్లలో కొలతలు: వామగతి నుండి బైటుక్రమం వరకు

సంగ్రహం: డిజిటల్ చిత్రపు వెడల్పు, ఎత్తులు దాని ఫైలు ఆరంభంలోనే సంఖ్యారూపంలో నిక్షిప్తమై ఉంటాయి. చిత్రాన్ని తెరవకుండానే వాటిని చదవవచ్చు. అయితే అంకెలను ఏ దిశలో చదవాలో ముందుగా తెలియాలి. గోదావరి డెల్టా శాసనాలను చదివినవారికి ఈ సమస్య కొత్తది కాదు. తాళపత్ర వివరణపట్టికలు, భూతసంఖ్యల సంప్రదాయం నేపథ్యంగా చిత్రఫైళ్ల కొలతల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వామగతి, భూతసంఖ్యలు, బైటుక్రమం, టిఫ్, జేపెగ్, గ్రంథపరిమాణం, కడియం.

1. ఉపోద్ఘాతం

మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖితగ్రంథాలయపు వివరణపట్టికలు ప్రతి తాళపత్రప్రతికీ పొడవు వెడల్పులు, పుటల సంఖ్య, పుటకు ఎన్ని పంక్తులు అనే వివరాలను నమోదు చేశాయి. ఈ కొలతల వల్ల గ్రంథాన్ని విప్పకుండానే దాని స్వరూపం తెలుస్తుంది. ఒక ప్రతిని మరొక ప్రతి నుండి వేరుచేసి గుర్తించడమూ సాధ్యమవుతుంది. చిత్రఫైలు శీర్షభాగం చేసే పని కూడా ఇదే. లక్షలాది బైట్ల చిత్రం ఎంతటిదో మొదటి కొన్ని బైట్లే చెబుతాయి.

2. వామగతి: కోరుమిల్లి సాక్ష్యం

కడియానికి ఉత్తరాన రాజమహేంద్రవరం ఉంది. అక్కడి నుండి పాలించిన రాజరాజనరేంద్రుని పట్టాభిషేక సంవత్సరాన్ని డెల్టాలోని కోరుమిల్లి తామ్రశాసనం అంకెలలో కాక పదాలలో చెప్పింది. వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9. సంఖ్యలు వామగతిలో నడుస్తాయన్న నియమం ప్రకారం మొదటి పదం ఒకట్ల స్థానానికి, చివరి పదం వందల స్థానానికి చెందుతాయి. కనుక అది శక 944, అంటే క్రీ.శ. 1022. నియమం తెలియనివారు అవే పదాలను వరుసగా చదివితే శక 449, అంటే క్రీ.శ. 527 వస్తుంది. శాసనంలో ఒక్క అక్షరం చెడకపోయినా చరిత్ర 495 ఏండ్లు వెనక్కు జరుగుతుంది.

కంప్యూటరులోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. ఒక బైటు 0 నుండి 255 వరకే చెప్పగలదు. 944 వంటి సంఖ్యకు రెండు బైట్లు కావాలి: 3, 176. మొదటిదాన్ని 256తో హెచ్చించి రెండవది కలిపితే 944 వస్తుంది. పెద్దస్థానాన్ని ముందు రాసేది బిగ్ ఎండియన్ పద్ధతి. చిన్నస్థానాన్ని ముందుంచి 176, 3 అని రాసేది లిటిల్ ఎండియన్. ఇదే మన వామగతి. ఈ రెండవ వరుసను మొదటి పద్ధతిలో చదివితే 944 కాస్తా 45,059 అవుతుంది. ఈ పేర్లను స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రల (1726) నుండి 1980లో డానీ కోహెన్ గ్రహించాడు. ఆ కథలో గుడ్డును ఏ కొసన పగలగొట్టాలన్న దానిపై రెండు పక్షాలు పోరాడుతాయి.

3. ఫైలు రూపాల పరిణామం

1986లో ఆల్డస్ సంస్థ రూపొందించిన టిఫ్ రెండు పద్ధతులనూ అంగీకరించింది. మొదటి రెండు బైట్లు 73, 73 అయితే లిటిల్ ఎండియన్, 77, 77 అయితే బిగ్ ఎండియన్. తరువాతి రెండు బైట్లలో 42 అనే గుర్తింపు సంఖ్య, ఆపై నాలుగు బైట్లలో వివరపట్టిక ఉన్న చోటు ఉంటాయి. ఆ పట్టికలో 256వ సంఖ్య గల అంశం వెడల్పు, 257వది ఎత్తు. ఏ దిశలో చదవాలో ఫైలే మొదట చెప్పడం టిఫ్ విశేషం.

1987లో కాంప్యుసర్వ్ విడుదల చేసిన జిఫ్ లిటిల్ ఎండియన్ పద్ధతినే స్వీకరించింది. అందులో 7, 8 బైట్లు చిత్రఫలకపు వెడల్పును, 9, 10 బైట్లు ఎత్తును తెలుపుతాయి. 1996లో ప్రమాణీకృతమైన పీఎన్‌జీ బిగ్ ఎండియన్‌ను ఎంచుకుంది. అందులో 17 నుండి 20 వరకు వెడల్పు, 21 నుండి 24 వరకు ఎత్తు.

జేపెగ్‌లో కొలతలకు స్థిరమైన చోటు లేదు. 255, 216 అనే ఆరంభం తరువాత ఖండికలు వరుసగా వస్తాయి. ప్రతి ఖండిక తన నిడివిని తానే చెబుతుంది. ఆ నిడివిని బట్టి ఒక్కొక్క ఖండికనూ దాటుతూ 192 లేదా 194 వంటి గుర్తు ఉన్న చట్రఖండికను చేరుకోవాలి. అక్కడ ఎత్తు ముందు, వెడల్పు తరువాత ఉంటాయి. ఖండికలను దాటకుండా 255, 192 అనే జంట కోసం గుడ్డిగా వెదికితే, ఫైలులో ఇమిడి ఉన్న సూక్ష్మచిత్రపు కొలతలే అసలు కొలతలుగా చేతికి రావచ్చు.

4. కడియం చిత్రం, గ్రంథాలయ పుట

కడియం, కడియపులంక నర్సరీల మొక్కల ఫొటోలు ఫోను ద్వారా దూరప్రాంతాల కొనుగోలుదారులకు చేరుతుంటాయి. నిటారుగా పెరిగిన మొక్కను ఫోను నిలువుగా పట్టి తీసినా, ఫైలులో చాలాసార్లు 4000 వెడల్పు, 3000 ఎత్తు అనే నమోదు అవుతుంది. చిత్రాన్ని తిప్పి చూపాలని 274వ అంశం వేరుగా చెబుతుంది. దాన్ని విస్మరించిన ప్రోగ్రాము మొక్కను పడుకోబెడుతుంది.

తెలుగు పరిశోధనకు ఇంతకంటే గురుతరమైన చిక్కు పాతపుస్తకాల స్కానింగులలో ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి చొరవతో సాగిన మిలియన్ బుక్ ప్రాజెక్టు, దాని భారతీయ రూపమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనేక తెలుగు గ్రంథాల పుటలను టిఫ్ చిత్రాలుగా భద్రపరిచాయి. అంగుళానికి 600 చుక్కలు అక్కడి ప్రమాణం. 3000 × 4500 పిక్సెళ్ల పుటను 600తో భాగిస్తే 5 × 7.5 అంగుళాలు వస్తుంది. అది క్రౌను 1/8 పరిమాణం. సాంద్రతను తెలిపే 282, 283 అంశాలు పోయి, ఎవరైనా 300 అని ఊహిస్తే అదే పుస్తకం 10 × 15 అంగుళాలదవుతుంది. ముద్రణల పరిమాణాన్ని పోల్చి ప్రతులను గుర్తించే పరిష్కర్తకు ఇది చిన్న దోషం కాదు. మూలప్రతి శిథిలమైపోతే దాని పరిమాణానికి మిగిలే సాక్ష్యం ఆ కొద్ది బైట్లే కావచ్చు.

5. శీర్షభాగం ప్రామాణ్యం

శీర్షభాగం చెప్పేది ప్రతిపాదన మాత్రమే. తాళపత్రపట్టికలో నూరు ఆకులని ఉన్నా కట్టలో ఎనభై ఉండవచ్చు. అలాగే సగంలో తెగిన ఫైలు కూడా పూర్తి ఎత్తునే ప్రకటిస్తుంది. 65,535 × 65,535 అని అబద్ధం చెప్పే చిన్న ఫైలును నమ్మి, పిక్సెలుకు మూడు బైట్ల చొప్పున చోటు కేటాయిస్తే దాదాపు 1,288 కోట్ల బైట్లు కావాలి. అందుచేత కొలతను చదవడంతో పాటు, ఫైలులోని దత్తాంశంతో సరిచూడడమూ అవసరం.

6. ముగింపు

• సంఖ్యను రాసిన దిశ తెలియనిదే సంఖ్య తెలిసినట్లు కాదు. శాసనకాలనిర్ణయానికీ చిత్రపఠనానికీ ఇది సమానసూత్రం.

• పిక్సెళ్ల సంఖ్య ఒక్కటే గ్రంథపరిమాణం కాదు. సాంద్రత తోడైనప్పుడే అది అంగుళాలలోకి మారుతుంది.

• స్కాను పుటలను కుదించి, మార్చి తిరిగి భద్రపరిచేవారు తొలి ఫైలును కూడా నిలుపుకోవాలి. వివరణపట్టికలలో అంగుళాల కొలతలతో పాటు పిక్సెళ్లు, సాంద్రత కూడా చేరితే, రేపటి పరిష్కర్త నేటి చిత్రాన్ని ప్రమాణంగా స్వీకరించగలడు.