మన మీద రాసిన కాగితాలు: కోనసీమలో నేర రికార్డులు వెతకడం

"వాడు పెద్ద కేడీ" అని మన పల్లెల్లో నవ్వులాటకు కూడా అంటుంటారు. సినిమా పేర్లలోకీ ఆ మాట ఎక్కింది. నిజానికి అది తెలుగు మాట కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసులు కొందరి పేర్ల పక్కన 'నోన్ డెప్రడేటర్' అని, అంటే దోచుకునేవాడిగా తెలిసినవాడు అని, స్టేషను పుస్తకంలో రాసుకునేవారు. ఆ రెండు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలే కె, డి. ఇందులో 'తెలిసినవాడు' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఎవరికి తెలిసినవాడు? పోలీసుకు. ఎక్కడ రుజువైంది? రుజువు కానక్కరలేదు.

నేర రికార్డు అనగానే మన పిల్లలు అంతా ఒకటే అనుకుంటారు. కానీ అవి రెండు రకాలు. ఒకటి జరిగిన పని గురించి రాసేది: ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, సాక్షుల వాంగ్మూలం, కోర్టు తీర్పు. రెండోది మనిషి గురించి రాసేది: అనుమానితుల జాబితా, హిస్టరీ షీటు, రౌడీ షీటు. మొదటిది కోర్టులో బయటపడుతుంది, తప్పయితే పై కోర్టులో కొట్టేయించుకోవచ్చు. రెండోది స్టేషను బీరువాలో ఉంటుంది. ఎవరి మీద రాశారో వారికి తప్ప అందరికీ తెలుస్తుంది. ఎరుకల, యానాది వంటి మన జనం చరిత్ర ఎక్కువగా ఈ రెండో రకం కాగితాల్లోనే పడి ఉంది.

1871లో తెల్లదొరల ప్రభుత్వం 27వ నంబరు చట్టంగా నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ముందు ఉత్తరాదిలో అమలు చేసి, 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. 1924లో మళ్లీ ఒకసారి కూర్చి రాశారు. ఒక తెగను 'నేరస్థ తెగ' అని గెజిట్‌లో ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టూ అడగడానికి వీల్లేదు. పేర్లు రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీసుకునేవారు. ఆజ్ఞ ఉన్నవారు వేళకు హాజరు పలకాలి, ఊరు దాటితే పాసు ఉండాలి. దొంగతనం చేయని మనిషి కూడా హాజరు తప్పితే నేరస్థుడే. అలా చట్టమే నేరాన్ని పుట్టించి, మళ్లీ ఆ నేరాన్నే తెగ స్వభావానికి రుజువుగా చూపించింది.

ఈ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి రాకముందే దానికి కావలసిన పుస్తకాలు తయారయ్యాయి. పోలీసు అధికారి ముల్లాలీ 1892లో మద్రాసు ప్రెసిడెన్సీ నేర వర్గాల మీద ఒక పుస్తకం రాశాడు. 1905లో పోలీసు అధికారి పాపారావు నాయుడు కొరవలు, ఎరుకుల మీద ఇంకొకటి రాశాడు. ఒక స్టేషనులో రాసుకున్న అనుమానం పుస్తకంలోకి ఎక్కింది. ఆ పుస్తకం చదివిన కొత్త అధికారి అదే అనుమానంతో ఇంకో స్టేషనుకు వెళ్లాడు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ గొలుసును విప్పి చూపించారు. ఎరుకలవారు పశువుల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుని తీరానికీ లోపలి ఊళ్లకూ మధ్య తిరిగిన వ్యాపారులు. ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం, రైళ్లు, అడవి చట్టాలు వచ్చి ఆ బతుకుతెరువు పోయింది. బతుకు పోయినవాడి తిరుగుడు అధికారికి అనుమానంగా కనబడింది.

ఇక కోనసీమ సంగతి. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఇది దీవుల నేల. వంతెనలు రాని రోజుల్లో ఎటు వెళ్లాలన్నా రేవు దాటాలి. తట్టలు, బుట్టలు, చేటలు అల్లి ఊరూరా అమ్ముకునే కుటుంబానికి పాసు అడిగే రోజుల్లో ఒక్కొక్క రేవూ ఒక తనిఖీ చావిడి లాంటిదే అయి ఉంటుంది. పైగా 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 45వ సెక్షను ఊళ్లోకి వచ్చే అనుమానితుల కబురు పోలీసులకు అందించే బాధ్యతను గ్రామ పెద్ద మీద పెట్టింది. అంటే ఊరి మునసబు చూపే మొదటి రికార్డు. అనుమానం అతనిది, చేతిరాత స్టేషనుది.

చట్టం ప్రకారం తీసుకెళ్లి 'సెటిల్మెంట్ల'లో పెట్టిన వారి కథ మనవాళ్లకు కొంత తెలుసు. స్టూవర్టుపురం, సీతానగరం, కావలి, కప్పరాళ్లతిప్ప, సిద్ధాపురం. స్టూవర్టుపురాన్ని 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చారు. ఆ ఊరి పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు పేరు. అక్కడి వారికి చిరునామా చెప్పడమే నేరం ఒప్పుకోవడంలా ఉండేదని మన పెద్దలు అనడం వింటూనే ఉన్నాం.

1947లో మద్రాసు ప్రభుత్వం ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే ఆ రోజును విముక్తి దినంగా జరుపుకుంటాం. కానీ 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో 1962లో అదే పేరుతో ఇంకొకటి వచ్చింది. తెగ పేరు చట్టంలోంచి పోయింది, బీరువాలోంచి పోలేదు. సుప్రీంకోర్టు 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో వెనుకబడిన వర్గాల, ఎస్సీ, ఎస్టీ అమాయకుల పేర్లు కేవలం పుట్టుకను బట్టి హిస్టరీ షీట్లలోకి ఎక్కించకూడదని చెప్పవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది, విముక్త తెగల వారిని ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదంది. రద్దయిన చట్టం గురించి 72 ఏళ్ల తర్వాత ఈ మాట చెప్పాల్సి వచ్చిందంటే కాగితం ఎంత మొండిదో చూడండి.

మరి ఈ కాగితాలు మనం చూడగలమా? కొన్ని చూడగలం.

ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 173వ సెక్షను. సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7 తీర్పు ప్రకారం ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలి, కష్టమైతే గరిష్ఠంగా 72 గంటలు. ఆడవారి మీద, పిల్లల మీద లైంగిక నేరాల వంటివి మాత్రం పెట్టరు, పెట్టకూడదు కూడా. అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టుల్లో నడిచే కేసుల స్థితి ఈ-కోర్టుల సైటులో ఎఫ్ఐఆర్ నంబరుతో గాని పేరుతో గాని తెలుస్తుంది. తీర్పు సర్టిఫైడ్ కాపీ కావాలంటే కోర్టులో కాపీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ తీర్పు వల్ల ప్రభావం పడినవారు ఎవరైనా అడగవచ్చు. జైలు శిక్ష పడినవారికి ఉచితంగా ఇస్తారు. మిగతావారికి హైకోర్టు నియమాలు వర్తిస్తాయి. పాత కేసులు చాలావరకు కంప్యూటరులో ఉండవు, రికార్డు గదిలోనే వెతకాలి. కాలపరిమితి దాటిన కట్టలు నాశనం చేస్తారు కాబట్టి ఆలస్యం పనికిరాదు.

అమెరికాలో చాలా కౌంటీల్లో కోర్టు గుమాస్తా దగ్గరికి వెళ్లి ఎవరైనా ఎవరి కేసైనా చూడవచ్చు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ రికార్డులు కొనుక్కుని ఉద్యోగం నిరాకరించే వ్యాపారం కూడా అక్కడే పెరిగింది. మాకు అనిపించేది ఏమిటంటే, మన గురించి రాసింది ముందు మనకు తెరిచి ఉండాలి, ఆ తర్వాతే ప్రపంచానికి.

హిస్టరీ షీటు పోలీసుల లోపలి పత్రం, అది అడిగినవారందరికీ ఇచ్చేది కాదు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే దర్యాప్తుకు అడ్డం వస్తుందని 8(1)(హెచ్) చూపించి తిప్పి పంపే వీలుంది. ఆ మాట చెప్పడం తేలిక, ఎలా అడ్డమో రాసి చెప్పమని అప్పీలులో అడగాలి. కానీ చరిత్ర వెతికేవారికి అదే చట్టంలో 8(3) ఉంది. 20 ఏళ్ల కిందటి సంగతి అయితే చాలా మినహాయింపులు పనిచేయవు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. పేదరికపు రేఖ కింద ఉన్నవారు ఏదీ కట్టనక్కరలేదు. జవాబుకు గడువు 30 రోజులు.

ఇది చరిత్ర సరదా మాత్రమే కాదు. ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషను ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు ఉందా అని ఉంటుంది. తన మీద ఏముందో తెలియని కుర్రాడు 'లేదు' అని రాస్తాడు. తర్వాత వెరిఫికేషనులో ఏదో బయటపడితే దాచిపెట్టాడంటారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాలు తేల్చింది: నిజం చెప్పాలి, చిన్న కేసైతే యజమాని క్షమించవచ్చు, దాచడమే పెద్ద చిక్కు. కొట్టేసిన కేసుకు కూడా తీర్పు కాపీ దగ్గర ఉంచుకోవడం మంచిది. 18 ఏళ్ల లోపు జరిగినదానికి జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షను అనర్హత రాకుండా కాపాడుతుంది. 16 దాటినవారి తీవ్ర నేరాలకే మినహాయింపు.

పాతవి వెతికే ఉపాధ్యాయులకు ఒక చిక్కు ఎదురవుతుంది, అది పేర్లతోనూ పరిధులతోనూ వస్తుంది. కోనసీమ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందు 1925 నుంచి తూర్పు గోదావరి, దానికి ముందు గోదావరి జిల్లా. కాబట్టి తాతల నాటి జిల్లా కాగితాల కోసం కాకినాడ, రాజమహేంద్రవరం వైపు అడగాలి. 1901 జనాభా లెక్కల్లో రాజోలు తాలూకా అని వెతికితే దొరకదు. అప్పుడు అది నగరం తాలూకా, కచేరీ మాత్రం రాజోలులో. కొత్తపేట అప్పటికి విడి తాలూకా కాదు. 1954 వరకు మన హైకోర్టు మద్రాసులో ఉండేది. ఏ తెగను ఎక్కడ ఎప్పుడు ప్రకటించారో ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్‌లో అచ్చయ్యేది. ఆనాటి ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

అక్కడికి వెళ్లేవారు ఒక్క 'ఎరుకల' మాట పట్టుకుని వెతకవద్దు. యెరుకుల, ఎరుకుల, కొరవ, కొరచ అని గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశారు. ఇంటి పేర్లూ అంతే. వెళ్లే ముందు గూడెంలో ముసలివారిని కూర్చోబెట్టి తాతల పేర్లు, ముద్దుపేర్లు, వచ్చిన ఊళ్లు, దాటిన రేవులు రాసుకోవాలి. ఆ కాగితం పక్కన పెట్టుకుంటేనే రిజిస్టరులోని పేరు ఎవరిదో తెలుస్తుంది.