గోరంత కార్డులో కొండంత పాట

సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా పోయే 161వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది పిట్లం. తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ, ఉర్దూ చెవిన పడే ప్రాంతమిది. 2010కి అటూ ఇటూగా ఇలాంటి మండల కేంద్రాల్లో సెల్లు దుకాణం మెట్టెక్కిన కుర్రాడు ఏ ఇంట్లో ఏ భాష మాట్లాడినా, దుకాణదారుతో అనే మాట ఒకటే: ‘‘అన్నా, పాటలు ఎక్కియ్యి.’’

ఫోను వెనక మూత ఊడదీయాలి. బ్యాటరీ పక్కన పెట్టి, గోటితో మెల్లగా మెమరీ కార్డును బయటికి నెట్టాలి. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 వెడల్పు, 1 మందం. కింద పడితే వెతకడానికి కౌంటరు కింద టార్చి వేయాల్సిందే. దాన్ని రీడర్‌లో దోపి కంప్యూటరుకు తగిలిస్తే తెర మీద ఫోల్డర్లు పరుచుకునేవి: పాత పాటలు, బతుకమ్మ, అయ్యప్ప, ఒగ్గు కథలు, డీజే. కావలసినవి వేలితో చూపిస్తే చాలు, పదో ఇరవయ్యో రూపాయలు తీసుకుని కార్డు నింపి ఇచ్చేవారు. ఆ పాటల హక్కులు ఎవరివన్న ప్రశ్న మాత్రం కౌంటరుకు ఏ వైపు నుంచీ రాలేదు.

అంతకుముందు క్యాసెట్ల కాలంలో ఇదే పనికి ఓపిక కావాలి. చీటీ మీద పాటల పేర్లు రాసిచ్చి, సాయంత్రం దాకా ఆగాలి. గంట క్యాసెట్టు నిండాలంటే సుమారు గంట పట్టేది మరి. అందులో పట్టేవి పది పన్నెండు పాటలు. పాటకు 5 ఎంబీ చొప్పున లెక్కేస్తే 2 జీబీ కార్డులో 400 పడతాయి. అంటే ముప్పైకి పైగా క్యాసెట్లు గోటి మీద కూర్చున్నట్టు.

ఈ గోరంత కార్డు వెనక చాలా పెద్ద ఇనుము కథ ఉంది. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్లేలు 50. అన్నీ కలిసి దాచుకున్నది దాదాపు 5 ఎంబీ, అంటే మన లెక్కలో ఒకే ఒక్క పాట! తర్వాత పళ్లేలు కుంచించుకుపోతూ వచ్చాయి. 1980లో సీగేట్ 5.25 అంగుళాలకు దించింది. 1983లో స్కాట్లాండుకు చెందిన రోడైమ్ 3.5కు, 1988లో ప్రెయిరీటెక్ 2.5కు తెచ్చాయి. ఈ చివరి కొలతే ల్యాప్‌టాప్‌లో స్థిరపడింది.

అక్కడితో ఆగినా బాగుండేది. 1992లో హ్యూలెట్ ప్యాకర్డ్ ‘కిటీహాక్’ పేరుతో 1.3 అంగుళాల డిస్కు తెచ్చింది. కింద పడుతున్నట్టు తనే పసిగట్టి జాగ్రత్తపడే డిస్కు అది. అంత తెలివి ఉండీ కొనేవాళ్లు లేక రెండేళ్లకే కనుమరుగైంది. 1.8 అంగుళాల తోషిబా డిస్కుకు మాత్రం 2001లో ఐపాడ్ రూపంలో అదృష్టం పట్టింది. 2004లో ఐపాడ్ మినీ ఒక అంగుళం డిస్కుతో వచ్చింది. మరుసటి ఏడాదే దాని స్థానంలోకి వచ్చిన నానోలో తిరిగే పళ్లెమే లేదు. లోపలున్నది ఫ్లాష్ చిప్పు. 1980లలో తోషిబాలో ఫుజియో మసువోకా రూపమిచ్చిన మెమరీ అది.

అదే చిప్పును 2004లో శాన్‌డిస్క్ ‘ట్రాన్స్‌ఫ్లాష్’ అనే చిన్న కార్డుగా తెచ్చింది. 2005లో దాని పేరు మైక్రోఎస్‌డీగా మారింది. అంగుళాల మీద నడిచిన ఆ పోరు పిట్లం వంటి ఊళ్లకు ఏ మాత్రం పట్టలేదు. క్యాసెట్టు, సీడీ దాటగానే గెలిచిన సరుకే వచ్చి చేతిలో పడింది. ఒక్క చిక్కు మాత్రం ఉండేది: 2 జీబీ దాటిన కార్డు పెడితే చాలా పాత ఫోన్లు దాన్ని గుర్తుపట్టేవి కావు.

2016 సెప్టెంబరు 5న జియో మొబైల్ ఇంటర్నెట్ వచ్చింది. అదే ఏడు అక్టోబరు 11న పిట్లం నిజామాబాద్ జిల్లా నుంచి కొత్త కామారెడ్డి జిల్లాలోకి మారింది. జిల్లా పేరు నోటికి అలవాటయ్యే లోపే పాట కోసం దుకాణం మెట్లెక్కే పని తగ్గిపోయింది.

ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. కొత్తవాటిలో ఇప్పుడు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవున్న ఎం.2 ఎస్ఎస్‌డీ పట్టీ కూర్చుంటోంది; అందులోనూ ఉన్నది ఫ్లాష్ చిప్పులే. పాత ల్యాప్‌టాప్ నెమ్మదిస్తే రిపేరు చేసేవాళ్లు ముందు అడిగేది, ‘‘ఎస్ఎస్‌డీ వేయిద్దామా?’’ అనే. అలా బయటికొచ్చిన 2.5 అంగుళాల డిస్కును పారేయరు. ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, యూఎస్‌బీ తీగ తగిలించి, మళ్లీ పనిలో పెడతారు.

దాని అవసరం ఎక్కువగా ఫొటో స్టూడియో వాళ్లకు. పెళ్లి వీడియో ఒకప్పుడు వీహెచ్ఎస్ క్యాసెట్టుగా, తర్వాత సీడీలుగా, డీవీడీగా ఇంటికి చేరేది. డీవీడీ పెట్టే సందు కొత్త ల్యాప్‌టాప్‌లలో పోయాక ఆల్బమ్‌తో పాటు పెన్‌డ్రైవ్ ఇస్తున్నారు. అసలు దృశ్యాలు మాత్రం స్టూడియో బీరువాలో, ఆ డబ్బాల్లోనే ఉంటాయి. ఒక్కోదాని మీద టేపు ముక్క అంటించి, స్కెచ్ పెన్నుతో వధూవరుల పేర్లు, ముహూర్తం తేదీ రాసి పెడతారు.